ఎదుటివాళ్ళ మాట

పిల్లలు అన్నం తినేటప్పుడు కనిపెట్టుకుని ఉండడం శశికళ ఉద్యోగం. మిషిగన్ రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక ప్రాథమిక పాఠశాల భోజనాల హాల్లో, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, పాల డబ్బా మూత రాని వాళ్ళకి తీసి ఇస్తూ, వరసలో తోసుకునే వాళ్ళను విడదీస్తూ ఆమె ఏళ్ళు గడిపింది. ఉస్మానియాలో చరిత్ర ఎమ్మే చదివిన మనిషి. "అంత చదివి ఈ ఉద్యోగమేంటి శశీ?" అని మన ఆడవాళ్ళెవరైనా అంటే, "మీ పిల్లలు ఇంట్లో ఏం తింటారో మీరు చెప్తారు. బళ్ళో ఏం పారేస్తారో నేను చెప్తాను. ఇద్దరం కలిస్తేగా లెక్క తేలేది" అని నవ్వేసేది.

2001లో భర్త శ్యామ్‌సుందర్ వెంట వచ్చింది. అతను కార్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆమె ఉద్యోగం చేయడానికి వీల్లేదు. చేతికి వచ్చాక దొరికిన మొదటి పని ఇది. పిల్లలు లేరు. ఎందుకు లేరని అడిగే వాళ్ళకు కూడా ఏదో ఒక నవ్వు జవాబు ఉండేది.

ఆమె పుట్టింది నిజామాబాద్ జిల్లాలో, బోధన్ దగ్గర ఒక క్యాంపులో. నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కుందామని కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు. ఆమె తాత అలా వచ్చినవాడే. బళ్ళో తోటి పిల్లలు ఆమెను ఆంధ్రోళ్ళ పిల్ల అనేవారట. వేసవి సెలవులకు గుడివాడ వెళ్తే, అక్కడి చుట్టాలు తెలంగాణ పిల్ల వచ్చిందనేవారట. "రెండుచోట్లా చుట్టపుచూపుకి వచ్చినదాన్నే అంకుల్ నేను" అని ఒకసారి నాతో అంది. అందులో ఫిర్యాదు లేదు. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

మా పరిచయం ఆదివారం తెలుగు బడి వల్ల కలిగింది. నేను మా అమ్మాయి రేణు దగ్గర ఉంటున్నాను. మనవడు ఆరవ్‌ను ఆదివారం మధ్యాహ్నాలు బడికి తీసుకువెళ్ళి, వెనక బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. ఒక చర్చి కిందనున్న పెద్ద హాలు అద్దెకు తీసుకుని నడిపేవారు ఆ బడిని. శశికళ పెద్ద పిల్లలకు చెప్పేది. పిల్లల్లో చాలామంది వారమంతా ఆమె కాపలా కాసే పాఠశాలలోనే చదివేవాళ్ళు.

ఆ పాఠశాలలో కోవల్‌స్కీ అనే కౌన్సెలర్ ఉండేది. తగవులాడే పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించే ఒక పద్ధతి ఆవిడ సిబ్బందికి నేర్పింది. నియమం ఒకటే. నీ మాట చెప్పే ముందు ఎదుటివాళ్ళ మాట నువ్వు చెప్పాలి. వాళ్ళు "అదే నేనన్నది" అని ఒప్పుకున్న తర్వాతే నీ వంతు. ఈ పద్ధతి శశికళకు ఎంత నచ్చిందంటే తెలుగు బడికి కూడా తెచ్చేసింది. మాట్లాడే వంతు ఎవరిదో వాళ్ళ చేతిలో చెక్క గరిటె ఉండాలి. పిల్లలకు ఆ గరిటె పట్టుకోవాలన్న సరదాతోనే సగం కోపం పోయేది.

ఇషా, అనుష్క అని ఇద్దరు పిల్లలు ఉండేవాళ్ళు. ఒకే వీధి, ఒకే క్లాసు, ఒకే కారులో రావడం. ఒక ఉగాదికి డాన్సులో ముందు వరస దగ్గర ఇద్దరికీ చెడింది. శశికళ గరిటె అనుష్క చేతికిచ్చింది.

"ఇషా ఏమంది?"

"షీ సెడ్ ఐ ఆల్వేస్..."

"తెలుగులో."

"నేను ఎప్పుడూ ముందు నిలబడతాను అంది. అందుకే కోపం."

"అదేనా ఇషా నువ్వన్నది?"

"అదే. కానీ ఇంకా ఉంది ఆంటీ. నాకు ఏడుపు వచ్చింది. అది చెప్పలేదు."

అనుష్క గరిటెకేసి చూస్తూ, "దానికి ఏడుపు వచ్చింది. నేను చూడలేదు" అంది. గరిటె ఇషా చేతికిస్తూ, "నువ్వే ముందు నిలబడు" అంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు శశికళ ముఖం వెలిగిపోవడం చూశాను. "మనం పెరిగిన బళ్ళల్లో ఇది నేర్పి ఉంటే ఎట్లా ఉండేది అంకుల్?" అంది.

2013 జూలై చివర్లో రాష్ట్రాన్ని రెండు చేస్తారని ఢిల్లీ నుంచి వార్త వచ్చింది. ఇషా తండ్రి శ్రీధర్‌ది కరీంనగర్. అనుష్క తండ్రి వినీత్‌ది తణుకు. ఇద్దరూ బడి కమిటీలో ఉన్నవాళ్ళు, ఒక వారం ఒకరు, మరో వారం ఒకరు ఆడపిల్లలిద్దరినీ కారులో దింపేవాళ్ళు. ఆగస్టు దాటేసరికి ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఒకే వీధిలోంచి రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, హాలు ముందు చెరో మూలా ఆగేవి. బడి అయ్యాక అందరూ తెచ్చినవి కలిపి తినే భోజనాల దగ్గర కూడా మాటలు మారాయి.

"ఏం వినీత్, మీ తాన బంద్ నడుస్తుందంట గదా? కరెంట్ గూడ లేదంట?" అని పులిహోర వడ్డించుకుంటూ శ్రీధర్.

"మా కరెంట్ సంగతి మేం చూసుకుంటాంలెండి. మేం కట్టిన హైదరాబాద్‌లో మీరు ఏసీ వేసుకుని పడుకోండి" అని వినీత్.

"మీరు కట్టిన్రా? అయితే నిజాంది గూడ తణుకేనా?"

అందరూ నవ్వారు. తర్వాతి వారం నవ్వినవాళ్ళు సగమే. ఆ తర్వాత పులిహోర తెచ్చిన వాళ్ళ బల్ల ఒకటి, బగారన్నం తెచ్చిన వాళ్ళ బల్ల ఒకటి అయ్యాయి. పిల్లలు మాత్రం రెండు బల్లల దగ్గరా తింటూ తిరిగేవాళ్ళు.

మాది అనంతపురం. ఆ తగాదాలో ఇద్దరూ మమ్మల్ని తమవాళ్ళనుకోలేదు గనక ఇద్దరూ నాతో మాట్లాడేవారు. "మా పండుగలు, మా ముచ్చట్లు మేం వేరుగ చెప్పుకుంటం అంకుల్, తప్పేముంది? బతుకమ్మ అంటే ఏందని మీ ఆరవ్‌ని అడగుండ్రి, తెలుస్తదా?" అన్నాడు శ్రీధర్. అందులో అబద్ధం లేదు. ఆ బళ్ళో బతుకమ్మ ఎప్పుడూ ఆడించలేదు. వినీత్ దగ్గర ఆ మాట ఎత్తితే, "వెళ్తామన్నవాళ్ళ కాళ్ళు పట్టుకుంటామా మాస్టారూ? వెళ్ళనివ్వండి" అన్నాడు. దీపావళి వేడుక నాడు అందరూ కూర్చుని బడి ఒకటిగా ఉండాలా రెండు కావాలా తేల్చుకోవాలని కమిటీ నిర్ణయించింది.

శశికళకు నిద్ర పట్టని రోజులవి. ఈ ఊళ్ళో ఆ పిల్లలంతా తెలుగువాళ్ళుగా ఒక్కచోట కూర్చునేది ఆ హాలులోనే. అది రెండయితే మళ్ళీ ఒకటి కాదని ఆమెకు తెలుసు. క్యాంపులో పెరిగింది కదా. బడిని నిలబెట్టాలని ఆమె పట్టుదల. ఒక ఆదివారం నా బల్ల దగ్గర కూర్చుని తన ఆలోచన చెప్పింది.

"పెద్దవాళ్ళను గుండ్రంగా కూర్చోమంటే కూర్చోరు అంకుల్. పిల్లల చేత చెప్పిస్తాను. దీపావళి నాడు, మాటలు మొదలయ్యే ముందు. ఆంధ్రా పిల్లలు తెలంగాణ వాళ్ళ బాధ చెప్పాలి. తెలంగాణ పిల్లలు ఆంధ్రా వాళ్ళ బాధ చెప్పాలి. ఎదుటివాళ్ళ కష్టం సొంత కూతురి నోట వింటే ఎంతటివాడైనా కాస్త మెత్తబడడా?"

"పిల్లలకు ఇవన్నీ ఏం తెలుసమ్మా?"

"ఇంట్లో అడిగి తెలుసుకొస్తారు. పిల్ల వచ్చి, ఎదుటివాళ్ళ బాధ ఏంటి నాన్నా అని అడిగితే, చెప్పడానికైనా ఒక్క నిమిషం వాళ్ళ వైపు నుంచి ఆలోచించాలి కదా. నాకు ఆ ఒక్క నిమిషం చాలు."

ఆ మాట బాగానే అనిపించింది. పుస్తకాలు చదివేవాళ్ళకు ఇలాంటివి బాగానే అనిపిస్తాయి.

ఎదుటివాళ్ళ మాట చెప్పాలంటే ముందు ఎవరు ఎటువైపో తేలాలి. మరుసటి ఆదివారం ఆమె పిల్లలను నిలబెట్టి ఒక్కొక్కరినే అడిగింది.

"మీ నాన్నది ఏ ఊరు?"

"నోవై, ఆంటీ" అన్నాడొకడు. నోవై అంటే ట్రాయ్‌కి ముప్పావుగంట దూరంలో ఉన్న ఊరు.

"అంతకు ముందు?"

"అంతకు ముందు నేను పుట్టలేదు."

ఆమె నవ్వింది. పిల్లలూ నవ్వారు. కొందరు ఆమె సెల్‌ఫోన్ అడిగి తీసుకుని అమ్మలకు ఫోన్ చేసి కనుక్కున్నారు. తెలంగాణ అన్నవాళ్ళు కిటికీ వైపు, ఆంధ్రా అన్నవాళ్ళు తలుపు వైపు నిలబడ్డారు. మా ఆరవ్ అనంతపురం అనేసరికి ఆమె ఒక క్షణం ఆలోచించి తలుపు వైపు పంపింది. వాడికి అక్కడ తోచక కిటికీ వైపు స్నేహితుల దగ్గరికి వెళ్ళిపోయాడు. అనుష్క మాత్రం కదలలేదు.

"ఆంటీ, సో నేనూ ఇషా వేరే టీమా?"

"టీమ్ కాదమ్మా."

"మరి ఏంటి?"

శశికళ దాని జడ సవరించింది. "ఊరికేనమ్మా. ఒక్క రోజుకే" అంది.

పిల్లలు తెచ్చుకున్న మాటలను ముందుగా ఆమె వినలేదు. పిల్లల మాటను పెద్దవాళ్ళు దిద్దకూడదని కోవల్‌స్కీ పదే పదే చెప్పేదట. దిద్దితే అది పెద్దవాళ్ళ మాట అయిపోతుంది, నిజాయితీ పోతుంది అని. అందుకని ఇంట్లోనే అభ్యాసం చేసుకోమంది, చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడాలని మాత్రం నేర్పింది.

దీపావళి నాడు హాలు నిండిపోయింది. పట్టుచీరలు, కాగితపు దీపాలు, ఆఖరికి గొడవ ఉందని తెలిసి వచ్చినవాళ్ళు కూడా. శశికళ మైకు దగ్గర నాలుగు మాటలు చెప్పి, "మన పిల్లలు మనకు ఎదుటివాళ్ళ మనసు వినిపిస్తారు" అని పక్కకు తప్పుకుంది. ముందుగా అనుష్క వచ్చింది. పచ్చ పరికిణీ, రెండు జడలు. చేతులు కట్టుకుంది.

"నమస్కారం. నేను తెలంగాణ వాళ్ళ మాట చెప్తాను. మేం తెలంగాణ వాళ్ళం. మాకు పని చేయడం ఇష్టం లేదు. మేం పొద్దున్నే లేవం. మేం లేచేసరికి ఆంధ్రా వాళ్ళు హైదరాబాద్ కట్టేశారు. ఇప్పుడు మాకు అది ఫ్రీగా కావాలి. అది మా బాధ."

అమెరికా యాసలో ముద్దుగా చెప్పింది. తలుపు వైపు కూర్చున్న ఆంధ్రా వాళ్ళ నుంచి నవ్వులు వచ్చాయి, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను శశికళ వైపు చూశాను. ఆమె చెక్క గరిటెను రెండు చేతులతో పట్టుకుని ఉంది.

ఇషా ఎదురుగా వచ్చి నిలబడింది. దానికీ అంతా కంఠతా వచ్చేసింది.

"మేం ఆంధ్రా వాళ్ళం. మేం చాలా తెలివి. మేం మీ ఇంటికి గెస్ట్‌గా వస్తాం. తర్వాత ఈ ఇల్లు మాది అంటాం. మీ నీళ్ళు తీసుకుంటాం. మీ జాబ్స్ తీసుకుంటాం. మీరు మాట్లాడితే నవ్వుతాం. మాకు సిగ్గు లేదు. అది మా బాధ. థాంక్యూ."

అంతటితో ఆగితే ఏమయ్యేదో. ఇషా బుద్ధిమంతురాలు. నియమం ప్రకారం అనుష్క వైపు తిరిగి, మైకులోనే అడిగింది: "మీరు అన్నది ఇదేనా?"

అనుష్క తికమకపడింది. "నాకు తెలీదు" అని, జనంలోకి చూసి, "డాడీ, అదేనా?" అంది.

హాలంతా ఒక్కసారి లేచింది.

"మేం పొద్దున లేవమా? ఇదా మీ ఇంట్ల పిల్లకు నేర్పేది?" అని శ్రీధర్.

"మీ ఇంట్లో ఏం నేర్పారో విన్నాంగా! మాకు సిగ్గు లేదా? చెప్పించేవాళ్ళకుండాలి అది!" అని వినీత్.

"నేనేం నేర్పలే. పిల్ల అడిగితే ఉన్నది చెప్పిన."

"నేనూ కార్లో జోకేశానంతే. అది రాసుకుంటుందని కలగన్నానా?"

వాళ్ళిద్దరి ఇళ్ళలోనే కాదు, ప్రతి ఇంట్లోనూ అదే జరిగిందని తర్వాత తెలిసింది. ఎదుటివాళ్ళ బాధేమిటని పిల్ల అడిగినప్పుడు, ఏ ఇంట్లోనూ ఎవరికీ ఆ బాధ తెలియలేదు. తెలిసిందల్లా ఎక్కిరింత. అదే పిల్ల చేతిలో పెట్టారు. హాలులో కూడా తమ పిల్ల ఏమన్నదో ఎవరికీ వినబడలేదు. ఎదుటివాళ్ళ పిల్ల అన్నదే వినబడింది. వినీత్ భార్య ఉజ్వల, శ్రీధర్ భార్య గిరిజ అంతకు ముందు ఒకరి చీర కుచ్చిళ్ళు ఒకరు సర్దుకున్నవాళ్ళు. చెరొక పిల్లనూ రెక్క పట్టుకుని చెరో మూలకూ లాక్కుపోయారు.

శశికళ గరిటె పైకెత్తి, "ఒక్కరొక్కరుగా మాట్లాడదామండీ, ముందు ఎదుటివాళ్ళు ఏమన్నారో..." అంది.

"ఆ గరిటె అవతల పెట్టమ్మా, వంటకాడికి పనికొస్తది" అన్నాడెవరో. కొందరు నవ్వారు. ఆ సాయంత్రం రెండు పక్షాలూ కలిసి నవ్విన నవ్వు అదొక్కటే.

"అసలు మీదే ఊరండీ?" అని ఇంకొకరు.

"బోధన్ దగ్గర క్యాంపు."

"ఓ, సెటిలర్లా! సమజైంది" అన్నారు కిటికీ వైపువాళ్ళు.

"నిజామాబాద్ ఆవిడా? అదీ సంగతి. మనల్ని తిట్టించడానికే పెట్టింది ఈ కార్యక్రమం" అన్నారు తలుపు వైపువాళ్ళు.

ఇషా తల్లి చేతిలోంచి తప్పించుకుని శశికళ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కాటుక చెంపల మీదికి కారిపోయింది. "నేను ఒక్క వర్డ్ కూడా మర్చిపోలేదు కదా ఆంటీ? అందరూ ఎందుకు మ్యాడ్?" అని అడిగింది.

"లేదమ్మా. ఒక్కటి కూడా మర్చిపోలేదు" అంది శశికళ.

బడి రెండు కావాలని ఆ వారంలోనే తేలిపోయింది. హాలు మాత్రం అదే. ఒకళ్ళకు మధ్యాహ్నం, ఒకళ్ళకు సాయంత్రం. శశికళ రెండింట్లోనూ చెప్తానని అడిగింది. జీతం లేని పని, ఎవరు వద్దంటారనుకుంది. రెండు కమిటీలూ వద్దన్నాయి. రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి వచ్చిన విషయం అదొక్కటే. అయినా మర్యాద తప్పలేదు. ఉమ్మడి బడి చివరి ఆదివారం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఒక కొన శ్రీధర్, ఒక కొన వినీత్ పట్టుకున్నారు. శశికళ గారి సేవలు మరువలేనివని ఇద్దరూ వేరువేరుగా చెప్పారు. ఫొటో తీశారు. ఆమె ఫొటోకి నవ్వింది.

ఆ తర్వాత ఆదివారాలు ఏం చేస్తోందో తెలియలేదు. మా ఆరవ్ ఎటూ వెళ్ళలేదు. ఏ బడికి పంపాలో తేలక రేణు మాన్పించి ఈతకు వేసింది.

2015లో ఒక రోజు ఊరి లైబ్రరీలో శశికళ కనిపించింది. బాగా సన్నబడింది. పక్కన కూర్చుని, అడక్కుండానే, ఇషా, అనుష్కల మాట ఎత్తింది. ఇద్దరూ ఐదో క్లాసులో ఉన్నారు, ఒకే గదిలో. ఏడాదిన్నరగా భోజనాల హాల్లో ఒక బల్ల దగ్గర కూర్చోవడం లేదు. కోవల్‌స్కీ గమనించి, శశికళకు వాళ్ళు తెలుసు గనక ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడించమని పురమాయించిందట.

"నావల్ల కాదన్నాను అంకుల్. నీకంటే బాగా ఎవరు చేస్తారంది. కూర్చోబెట్టాను."

"మాట్లాడారా?"

"చక్కగా. నాకు నీ మీద కోపం లేదంది అనుష్క. అనుష్కకు నా మీద కోపం లేదట, అదేనా అని అడిగింది ఇషా. అదే అంది. మళ్ళీ ఇషా వంతు. నాకూ కోపం లేదంది. ఇషాకు కూడా కోపం లేదట, అదేనా అంది అనుష్క. అదే అంది. ఇంగ్లీషులోనే అంతా. థాంక్యూ చెప్పుకున్నారు. ట్రేలు తీసుకుని ఎవరి బల్లకు వాళ్ళు వెళ్ళిపోయారు."

"మరి కౌన్సెలర్?"

"ఆవిడ చాలా సంతోషించింది. ఇంత గౌరవంగా మాట్లాడుకునే పిల్లల్ని చూడలేదంది. మిగతా టీచర్లకు చూపించడానికి ఇంకోసారి చేయించమంది."

ఆమె నేను చదువుతున్న పుస్తకం అట్ట చూసింది, తిరగేసి మళ్ళీ పెట్టేసింది.

"చేయించలేదు అంకుల్. వెళ్ళి ప్రిన్సిపాల్‌ని అడిగి లోపలికి మార్పించుకున్నాను, వంటవాళ్ళ వైపు. ట్రేలు కడిగే మెషీన్ దగ్గర. ఆ చప్పుడులో ఎవరేమన్నదీ వినబడదు."